బొంతపల్లి ల్యాబుల్లో ‘అడ్మిన్’ కథ

హైదరాబాద్ నుంచి నర్సాపూర్ వెళ్లే దారిలో ఉన్న బొంతపల్లికి వీరభద్రస్వామి గుడితో పేరొచ్చింది. మందుల ఫ్యాక్టరీలు ఆ తర్వాతి సంగతి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ బాలానగర్‌లో ప్లాంటు పెట్టాక హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ వేళ్లూనుకుని, బొల్లారం, పటాన్‌చెరు, ఖాజీపల్లి, బొంతపల్లి దాకా పాకింది. హెటెరో మందుల కంపెనీ మొదటి యూనిట్ ఉన్నది ఈ ఊళ్లోనే. ఫ్యాక్టరీ ఉన్నచోట నాణ్యతను పరీక్షించే క్యూసీ ల్యాబ్ ఉంటుంది. ఆ ల్యాబ్ కంప్యూటర్లలో ఎవరికి ఎంత అధికారం ఉండాలన్న ప్రశ్నకూ పెద్ద చరిత్రే ఉంది.

ఒకప్పుడు మందును పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గీసిన గ్రాఫు చార్ట్ పేపరు మీద బయటికొచ్చేది. ఎనలిస్టు దాని మీద సంతకం చేసి ఫైల్లో పెట్టేవాడు. కంప్యూటరు వచ్చాక ఆ గ్రాఫు హార్డ్ డిస్కులోకి చేరింది. నచ్చని ఫలితాన్ని చెరిపేస్తే? గడియారం వెనక్కి తిప్పి పరీక్ష మళ్లీ చేస్తే? ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఎఫ్‌డీఏ తెచ్చిన ‘పార్ట్ 11’ నిబంధనలు 1997 ఆగస్టులో అమల్లోకి వచ్చాయి. అమెరికాకు మందు పంపే కంపెనీల్లో అలాంటి రికార్డులు వాడే ప్రతి ల్యాబూ వాటికి లోబడాల్సిందే.

అలా మార్చే వీలు అందరి చేతికీ చిక్కకుండా అధికారాన్ని విడగొట్టే ఆలోచన ఆ నిబంధనల కంటే పాతది. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో యూనివర్సిటీలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ ‘సుడో’ అనే యూనిక్స్ ప్రోగ్రాము రాశారు. సర్వాధికారాలున్న ‘రూట్’ ఖాతా పాస్‌వర్డ్ అందరికీ పంచకుండా, అవసరమైన ఒక్క కమాండుకే ఆ అధికారం ఇవ్వడం దాని పని. అయితే మామూలు యూజర్ పెట్టుకున్న పాత్, లైబ్రరీ సెట్టింగులు కూడా రూట్ దగ్గరికి వెళ్తే, వాటిలో దొంగ ప్రోగ్రామును దాచి సిస్టమునే చేజిక్కించుకోవచ్చు. అందుకే ఇప్పటి సుడో ఆ సెట్టింగుల్లో చాలావాటిని తుడిచేసి మొదలవుతుంది. ప్రాక్సీ వివరాలూ వాటితోపాటే పోతాయి. ప్రాక్సీ దాటితే తప్ప ఇంటర్నెట్ అందని ఆఫీసులో, మామూలు లాగిన్‌లో చక్కగా జరిగిన డౌన్‌లోడ్ సుడోతో ఆగిపోవడానికి కారణం ఇదే.

విండోస్‌లో ఈ కాపలా ఆలస్యంగా వచ్చింది. ఎక్స్‌పీ రోజుల్లో చాలామంది అడ్మిన్‌గానే పనిచేసేవారు. 2007లో విస్టా వచ్చాకే అనుమతి అడిగే పెట్టె తెరమీదికొచ్చింది.

ల్యాబులో సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చే రోజు చూస్తే, ఖాతా మారగానే సెట్టింగులూ మారిపోయే ఈ చిక్కు అర్థమవుతుంది. సెటప్ ఫైళ్లు సర్వర్‌లో ఉంటాయి. ఎనలిస్టు లాగిన్‌లో ఆ ఫోల్డరు జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఐటీ ఉద్యోగి వచ్చి అదే లాగిన్‌లో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కి తన పాస్‌వర్డ్ కొడతాడు. సగంలో ‘ఫైల్ దొరకలేదు’ అని ఎర్రర్. జెడ్ డ్రైవ్ కళ్లెదుటే ఉంది కదా! ఉన్నది ఎనలిస్టుకు, అడ్మిన్ ఖాతాకు ఆ డ్రైవ్ లేనే లేదు. ఒకవేళ ఇన్‌స్టాల్ పూర్తయినా, యూజర్ సెట్టింగులు అడ్మిన్ ప్రొఫైల్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. మర్నాడు ఎనలిస్టు తెరిస్తే ప్రోగ్రాము కొత్తగా అన్నీ అడుగుతుంది.

ఈ చిక్కుకు మందు కష్టమైనదేమీ కాదు. సెటప్‌ను ముందు లోకల్ డిస్కులోకి కాపీ చేసుకోవాలి. లేదా డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పూర్తి దారి ఇవ్వాలి. ‘అందరు యూజర్లకూ’ అనే ఎంపిక ఉంటే అదే తీసుకోవాలి. లైనక్స్‌లో అయితే కావలసిన ప్రాక్సీ సెట్టింగు ఒక్కదాన్నే ఉంచమని విసుడోతో సుడోయర్స్ ఫైల్లో రాయాలి.

ఇవేవీ చూడకుండా ఎనలిస్టుకే అడ్మిన్ రైట్స్ ఇచ్చేస్తే పని అప్పటికి అయిపోతుంది. కానీ ఫైళ్లనూ సెట్టింగులనూ మార్చగల అడ్మిన్ బాధ్యతను, రికార్డులు తయారుచేసేవారితో సంబంధం లేనివారికి అప్పగించాలని ఎఫ్‌డీఏ 2018 డిసెంబరు మార్గదర్శకాల్లో సూచించింది. ఆ ఒక్క సడలింపుతో ల్యాబు ఫలితాలన్నీ అనుమానంలో పడతాయి. ఇన్‌స్టాల్ ఆగినప్పుడు ఐటీవాళ్లు ముందు చూడవలసింది అది ఎవరి ఖాతాలో, ఏ సెట్టింగులతో నడుస్తోందన్నది. ఎనలిస్టు అధికారం పెంచడం మాత్రం ఎప్పటికీ పరిష్కారం కాదు.