పాత బ్రౌజర్లూ, బందరు రేవు సిగ్నళ్ళూ

2025 అక్టోబరు 28. మొంథా తుఫాను తీరానికి దగ్గరపడుతోంది. సాయంత్రం నాగాయలంక దగ్గర ఉండే మా మావయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, తుఫాను ఎటు పోతోందో చూద్దామని నొక్కితే తెల్లకాయితం వస్తోందిరా. నెట్టు పోయిందంటావా?" అన్నాడు.

నెట్టు పోలేదు. ఆయన ఫోను పాతది, అందులో బ్రౌజరు ఇంకా పాతది. అదే పేజీ (ఎవరిదో చెప్పను లెండి) నా ఫోన్లో భేషుగ్గా తెరుచుకుంది. మ్యాపు కదులుతోంది, గాలి బాణాలు గిర్రున తిరుగుతున్నాయి. చివరికి నేనే చదివి వినిపించాను. ఆయనకి కావలసింది అందులో నాలుగంటే నాలుగు లైన్లు. ఆ రాత్రి తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది, మావయ్యా వాళ్ళు బానే ఉన్నారు. కానీ ఆ తెల్లకాయితం మాత్రం నన్ను వదల్లేదు.

పాత బ్రౌజర్లని ఇంకా మోయాలా వద్దా అన్నది మా వృత్తిలో తెగని పంచాయితీ. వద్దనేవాళ్ళ మాటల్లో అబద్ధం లేదు. పరీక్షించే పని రెట్టింపవుతుంది. పాత బ్రౌజరంటే భద్రతకి చిల్లు. మనం తోస్తే గానీ జనం కొత్తదానికి మారరు. మొదటి ఉద్యోగంలో ఐఈ11 కోసం రాత్రుళ్ళు కూర్చుని తిట్టుకున్నవాణ్ణే నేను. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని సాగనంపితే అందరితో పాటు నేనూ పండగ చేసుకున్నాను.

అయితే ఈ విషయంలో మన తెలుగుకి ఒక చరిత్ర ఉంది. అది రెండు వైపులా కోస్తుంది.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కాగితం మీద చోటు దొరికితే సరిపోదుగా, కంప్యూటరుకి ఒత్తులూ గుణింతాలూ పేర్చడం రావాలి. విండోస్ 98కి అది రాదు. విండోస్ 2000లో హిందీ, తమిళం వచ్చాయి గానీ మనం రాలేదు. 2001లో ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా వచ్చాక గానీ మనకి మోక్షం కలగలేదు. అప్పుడు కూడా సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక టిక్కు పెట్టాలి, అది సీడీ అడుగుతుంది, నెట్ సెంటర్లో ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు :-). గుడివాడలో మా వీధి చివర సెంటర్లో నేను చిన్నప్పుడు చూసిన తెలుగు సగం డబ్బాలే.

మరి అంతకు ముందు మన పత్రికలు నెట్లోకి ఎలా వచ్చాయి? 1997లో వచ్చిన ఐఈ4లో ఒక సదుపాయం ఉండేది, డైనమిక్ ఫాంటు. పేజీతో పాటు ఫాంటు కూడా దానంతటదే దిగుతుంది. పేజీ లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. వాటి మీద ఫాంటు తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఈనాడుకి ఒక ఫాంటు, వార్తకి ఇంకో ఫాంటు, ఎవరి గోల వాళ్ళది. ఆ రోజుల్లో అది తప్పని నేననను. పాత విండోస్ ముందు కూర్చున్న మనిషికి తెలుగు చేర్చడానికి ఉన్న దగ్గరి దారి అదే. పాతవాటిని మోసిన పుణ్యమే అది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, వార్త మొత్తం ఒక్క కంపెనీ బ్రౌజరుకి తాకట్టు పడిపోయింది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. అందులో ఆ పేజీలు తెరిస్తే గజిబిజి గీతలు. వెతుకుదామంటే సెర్చికి దొరకవు, ఎందుకంటే అక్కడ తెలుగే లేదు! ఆ గీతల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ పుట్టింది. బ్రౌజరు చెయ్యని పని, పత్రికలు చెయ్యని పని, ఒక ఉచిత పనిముట్టు చేసింది. తర్వాత 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ ఆ పాత తరహా ఎక్స్‌టెన్షన్ల పద్ధతినే తీసేసింది. అంటే పాతదాన్ని చదివించే తాళంచెవి కూడా "పాతది" అయిపోయింది. మరోపక్క నోకియా ఫోన్లవాళ్ళు ఒపేరా మినీలో ఒక దాచిన సెట్టింగు మార్చుకుని, అక్షరాలకి బదులు వాటి బొమ్మలు తెప్పించుకుని తెలుగు చదివారు. అది చదివించిన ఫోన్లో తెలుగు ఫాంటే లేదు!

ఇలా ఇరుక్కుంది మనమొక్కళ్ళమే కాదు. దక్షిణ కొరియా 1999లో డిజిటల్ సంతకాల చట్టం తెచ్చుకుని, ఆ సంతకాలని ఐఈలోని యాక్టివ్‌ఎక్స్‌కి ముడివేసుకుంది. బ్యాంకు పని కావాలంటే ఏళ్ళ తరబడి ఐఈయే గతి. ఆ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా పోవడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది.

అంటే, పాతవాళ్ళకి తోడుండటం వేరు, పాతదానికి తాకట్టు పడటం వేరు. ఈ రెండూ కలిపేసి వాదించుకోవడం వల్లే మన పంచాయితీ తెగట్లేదు.

మళ్ళీ మావయ్య ఫోనుకొద్దాం. అక్కడ జరిగింది చాలా చిన్న సంగతి. హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్ సహనం ఉన్నవి. తెలియని మాట వస్తే వదిలేసి ముందుకెళతాయి. జావాస్క్రిప్ట్ అలా కాదు. ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టి రాసే పద్ధతి ఒకటుంది, క్రోమ్‌లోకి 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకన్నా పాత బ్రౌజరుకి అది ఒక్కటి ఎదురైతే చాలు, ఆ ఫైలు మొత్తం చదవడం మానేస్తుంది. పేజీలో ఉన్నదంతా స్క్రిప్టే గీయాలని రాస్తే మిగిలేది తెల్లకాయితం. ఆ నాలుగు లైన్లూ ముందే మామూలు హెచ్‌టీఎమ్ఎల్‌లో పెట్టి, మ్యాపు తర్వాత ఎక్కిస్తే ఈ బాధ లేదు.

ఇది కొత్త తెలివేమీ కాదు. మన బందరు రేవులో ఎప్పట్నుంచో ఉన్నదే. ప్రమాద సూచిక ఎగరేసేటప్పుడు పగలు శంకువు, స్తంభం ఆకారాల గుర్తులు, చీకటి పడితే ఎరుపు, తెలుపు దీపాలు. ఒకే కబురు, రెండు రూపాలు. చూసేవాడి పడవ ఏ కంపెనీదని ఎవరూ అడగరు. ఇప్పుడు బందరులో డాప్లర్ రాడారు కూడా ఉంది. రాడారు వచ్చింది కదా అని గుర్తులు దింపెయ్యలేదు.

1864 నవంబరు 1 రాత్రి బందరులో సుమారు ముప్పై వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో అయిదారు మీటర్ల ఉప్పెన పదివేలమందికి పైగా తీసుకుపోయింది. సముద్రం ఆ ఎత్తున మీద పడుతుందన్న కబురు ఆ ఊళ్ళకి వేళకి చేరలేదు. మా ఇంట్లో ఆ రాత్రి గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. అందుకే నాకిది బ్రౌజర్ల లెక్క కాదు, చివరి మనిషికి కబురు చేరిందా లేదా అన్న లెక్క.

బ్యాంకు సైటు పాత బ్రౌజరుని గుమ్మంలోనే ఆపనీండి, అది డబ్బు సంగతి, ఆపాల్సిందే. సినిమా టిక్కెట్ల పేజీలో తళుకులు పాత ఫోన్లో రాకపోయినా కొంప మునగదు. కానీ తుఫాను హెచ్చరిక, నీళ్ళు వదిలే వేళ, ఆసుపత్రి నంబరు లాంటివి ఎంత పాత బ్రౌజర్లోనైనా అక్షరాలుగా కనపడాలి. అందంగా అక్కర్లేదు, కనపడితే చాలు.

మొన్న మా టీములో ఒక పాత ఫోను కొనిపించాను. ఏ పేజీ అయినా బయటికి వెళ్ళేముందు అందులో ఒకసారి తెరిచి చూస్తున్నాం. దానికి మావాళ్ళు పెట్టిన పేరు "మావయ్య". ఇప్పుడు మా ఆఫీసులో ఎవరైనా కోడు ముగించాక మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "మావయ్యకి చూపించావా?"