రాగిని మోసే ప్రొటీను పరీక్ష: ఒక చరిత్ర

చిలికా సరస్సు దక్షిణపుటొడ్డున ఉన్న రంభ అనే ఊరు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. విశాఖపట్నంలో 1923లోను, కటకంలో 1944లోను వైద్యకళాశాలలు వెలసినా, ఊరికి దగ్గరి పట్టణమైన బరంపురానికి ఆ సౌకర్యం 1962లో గాని రాలేదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీను కొలతతో ఒక అరుదైన రోగాన్ని పసిగట్టవచ్చునని లోకానికి తెలిసి అప్పటికి పదేళ్లు.

ఆ రోగం విల్సన్ వ్యాధి. తిండి ద్వారా చేరిన రాగిలో మిగులును కాలేయం పైత్యరసంలోకి పంపలేకపోవడంతో, అది మొదట కాలేయంలోను తరువాత మెదడులోను పేరుకొంటుంది. లండన్ వైద్యుడు కిన్నియర్ విల్సన్ దీనిని 1912లో వర్ణించినా, రోగుల మెదడులో, కాలేయంలో రాగి నిల్వలను కమింగ్స్ 1948లో కొలిచి చూపేదాకా ఈ వ్యాధిలో రాగి పాత్ర స్థిరపడలేదు. విచిత్రమేమంటే, అదే ఏడు స్వీడన్‌లో హోంబర్గ్, లారెల్ ఈ వ్యాధి ఊసే లేకుండా రక్తరసంలోని ఒక నీలిరంగు ప్రొటీనును పరిశోధిస్తూ దానికి సెరులోప్లాస్మిన్ అని పేరు పెట్టారు. ఈ రెండు దారులనూ కలిపినవారు అమెరికాలోని షైన్‌బర్గ్, గిట్లిన్. విల్సన్ రోగులలో ఆ ప్రొటీను బాగా తక్కువని వారు 1952లో చూపారు. పారాఫినైలీన్‌డయామీన్ అనే రసాయనాన్ని ఈ ప్రొటీను ఆక్సీకరించినప్పుడు పుట్టే ఊదారంగు గాఢతను కొలిచే పద్ధతిని రావిన్ 1961లో మెరుగుపరచడంతో, ఖరీదైన యంత్రాలు లేని ప్రయోగశాలకు కూడా ఈ కొలత సాధ్యమయింది.

రంభ, బరంపురం ఉన్న గంజాం జిల్లాలో తెలుగు, ఒడియా కుటుంబాలు ఇరుగుపొరుగున బతుకుతున్నా, తెలుగువారిలో మేనరికం, అక్క కూతుర్ని చేసుకోవడం ఆచారంగా సాగగా, ఒడియావారిలో అధికులకు అవి సమ్మతం కావు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఈ వ్యాధి కలుగుతుంది కనుక, ఒకే వంశంలో తిరిగే పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. బయటి సంబంధాలలో అది తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఇంట్లోని రాగిచెంబును నిందించడం మాత్రం అన్యాయం.

పెద్దలలో డెసిలీటరుకు సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాములుండే సెరులోప్లాస్మిన్ పసిబిడ్డల్లో సహజంగానే తక్కువ, గర్భిణులలోను శరీరంలో వాపు ఉన్నప్పుడును ఎక్కువ; పైగా ఒకే లోపజన్యువు ఉండి రోగం రానివారిలో కొందరికి కూడా తగ్గవచ్చు. అందుకే కంటి నల్లగుడ్డు అంచున కనిపించే కైజర్–ఫ్లైషర్ వలయాన్ని, 24 గంటల మూత్రంలోని రాగిని దీనితో కలిపి చూస్తారు. 1956లో వాల్షే పెనిసిలమిన్‌ను ఈ రోగానికి మందుగా ప్రవేశపెట్టాక, రోగి తోబుట్టువులను లక్షణాలు కనబడక ముందే పరీక్షించడానికి అర్థం ఏర్పడింది, ఎందుకంటే వారిలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది.