నాయకత్వ శిక్షణ ఫలితాన్ని కొలవడం: కాకినాడ ప్రయోగం

మీరు మెట్‌పల్లిలో డిగ్రీ చదువుతున్నారనుకుందాం. కళాశాలలో నాయకత్వం, వ్యక్తిత్వ వికాసంపై మూడు రోజుల శిక్షణ జరిగింది. చివరి రోజు ఒక పత్రం ఇచ్చి అభిప్రాయం రాయమన్నారు. మీరు 'చాలా బాగుంది' అని రాశారు. పక్కవారూ అదే రాశారు. ధ్రువపత్రాలు చేతికి వచ్చాయి. ఆ శిక్షణ ఫలించినట్లేనా?

ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. అమెరికాకు చెందిన డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణను నాలుగు స్థాయిలలో పరిశీలించాలని ప్రతిపాదించాడు. శిక్షణ నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, ప్రవర్తన మారిందా, దానివల్ల ఫలితం వచ్చిందా అన్నవే ఆ స్థాయిలు. పైన చెప్పిన పత్రం మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతుంది. నిజానికి మన కళాశాలల్లో ఎక్కువ మూల్యాంకనాలు అక్కడే ఆగుతాయి.

చివరి స్థాయి వరకు వెళ్లిన ఒక ప్రయత్నం మన తెలుగు నేల మీదే జరిగింది. దానిలో పాల్గొన్నవారు విద్యార్థులు కారు, వ్యాపారులు. అయినా పద్ధతి కోసం దాన్ని తప్పక తెలుసుకోవాలి. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లీలాండ్, సాధన ప్రేరణను పెద్దవారిలో కూడా శిక్షణ ద్వారా పెంచవచ్చునని భావించాడు. 1964లో ఈ శిక్షణ మొదలైంది. కాకినాడ వ్యాపారులు బృందాలుగా హైదరాబాదు వచ్చి, యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో సుమారు పది రోజులు గడిపారు. బొమ్మలు చూసి కథలు రాశారు, ఆ కథల్లో తమ ఆలోచన ఎటు నడుస్తోందో తామే పరిశీలించుకున్నారు. వలయాలు విసిరే ఆటలో ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరమైతే అది అదృష్టం మీద ఆధారపడుతుంది. లక్ష్యం ఎంచుకోవడం గురించి గంట ఉపన్యాసం కన్నా ఈ ఆటే బాగా చెబుతుందని నా అభిప్రాయం.

ఇక్కడ మీరు గమనించవలసింది శిక్షణ తరువాత జరిగిన పని. పరిశోధకులు చివరి రోజు చప్పట్లను లెక్కలోకి తీసుకోలేదు. సుమారు రెండేళ్ల తరువాత మళ్లీ వెళ్లి, ఎవరు కొత్త వ్యాపారం మొదలుపెట్టారు, ఎవరు పెట్టుబడి పెంచారు, ఎంతమందికి పని ఇచ్చారు అని అడిగారు. శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతో పోల్చారు. శిక్షణ పొందినవారు ఎక్కువ చురుకుగా కనిపించారు. అయితే సంస్థలో నిర్ణయాధికారం తమ చేతిలో ఉన్నవారిలోనే ఈ మార్పు ప్రధానంగా కనబడింది. తండ్రి మాటో అన్న మాటో దాటలేనివారు ఎంత నేర్చుకున్నా ఆచరణలో పెట్టడం కష్టమే. మెక్లీలాండ్, డేవిడ్ వింటర్ ఈ ఫలితాలను 1969లో పుస్తకంగా వెలువరించారు.

అదే 1969లో మన దేశంలో జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. సేవ ద్వారా వ్యక్తిత్వ వికాసం దాని ఆశయం. కొలత మాత్రం గంటలది: రెండేళ్లలో 240 గంటలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో రూపొందించిన 'జీవన కౌశల్' పాఠ్యప్రణాళికలో నాయకత్వ, నిర్వహణ నైపుణ్యాలకు రెండు క్రెడిట్లు కేటాయించారు. గంటలైనా, క్రెడిట్లైనా విద్యార్థి హాజరును చెబుతాయి. అతనిలో వచ్చిన మార్పును చెప్పవు.

కాకినాడ పద్ధతిని మన దగ్గరకు తెచ్చి చూడండి. మెట్‌పల్లి విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, పొరుగున ఉన్న కోరుట్ల విద్యార్థులకు ఆ ఏడాది ఇవ్వలేదనుకుందాం. రెండేళ్ల తరువాత రెండు ఊళ్లవారినీ కలవాలి. ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. కొందరు హైదరాబాదులో, కొందరు గల్ఫ్‌లో ఉంటారు. దొరికినవారితోనే లెక్క కడితే ఫలితం ఒకవైపు ఒరిగిపోతుంది. పైగా శిక్షణకు తామే ముందుకు వచ్చినవారు మొదటినుంచీ చురుకైనవారు కావచ్చు. అప్పుడు ఆ ఘనత శిక్షణదా, వారిదా? ఇంట్లో బీడీలు చుడుతూ చదువుకునే అమ్మాయికి సభలో మాట్లాడడం వచ్చింది, కానీ పై చదువు నిర్ణయం ఇంకా ఇంటివారిదే అనుకోండి. ఆమె విషయంలో శిక్షణ విఫలమైందని రాయగలమా?

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీరు హాజరైన ఏదైనా ఒక శిక్షణను తీసుకోండి. మీతోపాటు చదివి, ఆ శిక్షణకు రాని ఇద్దరితో మాట్లాడండి. గత ఏడాదిలో వారు చేసినవి, మీరు చేసినవి పక్కపక్కన రాసి, తేడాలో శిక్షణ వల్ల వచ్చినది ఎంతో పది వాక్యాల్లో చర్చించండి.