ఎర్రపిల్లల కాపలా

మన చెరువుల చరిత్ర వ్రాసినవారు కట్టలను, తూములను, మత్తళ్ళను, వాటిని నిర్మింపజేసిన ప్రభువులను శ్రద్ధగా పేర్కొన్నారు. ఆ నీటిలో బ్రతికిన చేపకు మాత్రం ఆ చరిత్రలో చోటు అంతంతమాత్రమే. ఈ టపాలో కొర్రమీనును గురించి నాలుగు మాటలు వ్రాయాలనుకుంటున్నాను. అందుకు కారణం నా బాల్యంలోని ఒక్క రోజు.

సికిందరాబాదు నుండి కరీంనగరం పోయే దారిలో శామీర్‌పేట చెరువు దాటాక వచ్చే ఊరు అలియాబాద్. మా మేనమామగారు అక్కడ ఉండేవారు. 1980ల మాట. ఆరుద్ర కార్తె, ముందునాడే మంచి వాన పడింది. పొలాల ప్రక్కనున్న సన్నని వాగులో మోకాటిలోతు నీరు. తుంగ మొలిచిన ఒక మలుపులో నీటిపైన కుంకుమ చల్లినట్లుగా ఎర్రని మచ్చ ఒకటి కదులుతున్నది. దగ్గరకు పోయి చూస్తే అది చేపపిల్లల గుంపు. మామయ్య వెదురు గాలానికి చిన్న కప్పను గ్రుచ్చి నా చేతికిచ్చాడు. ఆ మచ్చ ప్రక్కన వేశానో లేదో నీరు భళ్ళున పగిలింది. మోచేతికంటె పొడవైన కొర్రమీను! దానిని గట్టుకు లాగేసరికి నా అరచేతులు కమిలిపోయాయి.

ఊరిలోకి తెచ్చేటప్పుడు నా అంత మొనగాడు లేడనుకున్నాను. వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలి తాత మాత్రం చేపను చూడనే లేదు, నన్ను చూశాడు. "ఎర్రపిల్లలు కనవడ్డప్పుడు గాలమెయ్యొద్దు బిడ్డా. నువ్వు ఒక్కదాన్నే పట్టిననుకుంటున్నవ్, ఆ గుంపంత పోయినట్టే" అన్నాడు. మామయ్య నవ్వేశాడు. ఆ రాత్రి పులుసు బ్రహ్మాండంగా ఉంది. మరునాడు ఉదయం వాగుకు పోతే ఎర్రమచ్చ లేదు. తుంగలో రెండు కొంగలు నిలబడి ఉన్నాయి.

ఆ తాత మాటలోని శాస్త్రం నాకు చాలా ఏళ్ళకు గాని బోధపడలేదు. కొర్రమీను గ్రుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు పుట్టిన కొన్ని వారాలపాటు గుంపుగా ఉంటాయి. పెద్దచేప క్రిందనే ఉండి కాపలా కాస్తుంది. కప్ప అయినా, గాలమైనా, పిల్లల దరికి వచ్చినదానిపై విరుచుకుపడుతుంది. నా గాలాన్ని అది ఆకలితో పట్టుకోలేదన్నమాట. ఈ జాతిలో కావలి కాసేది తరచు మగచేప కనుక నేను పట్టినది తల్లి కాక తండ్రే అయివుండవచ్చు.

దీనికి శాస్త్రీయనామం పెట్టినవాడు బ్లాఖ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు, 1793లో. ఆనాడు ఈ ప్రజాతికి పెట్టిన గ్రీకు పేరుకు అర్థం 'పాముతల'. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణపు చేపలు రెండు వందలను బొమ్మలతో ప్రచురిస్తూ, స్థానికులు పలికే పేర్లను కూడా వ్రాసుకున్నాడు. 1873లో మద్రాసు సైన్యపు వైద్యుడు ఫ్రాన్సిస్ డే మంచినీటి చేపలపై నివేదిక సమర్పించాడు. చేపపిల్లలను విచక్షణ లేకుండా పట్టివేయడం మీద అందులో ఎంతో ఆందోళన కనిపిస్తుంది. అదే ఏడు గాలపు వేటపై పుస్తకం వెలువరించిన కలెక్టరు హెన్రీ సలివన్ థామస్, 1887లో కేవలం మన చెరువుల గాలపు వేట కోసమే మరొక గ్రంథం వ్రాశాడు. 1897 నాటి భారత మత్స్య చట్టం నీటిలో మందుగుండును, విషాన్ని నిషేధించింది. అది బ్రిటిషు ఇండియాకు చెందినది. నిజాం ఏలుబడిలోని ఈ వాగుకు కాపలా ఆ తాతవంటి వారి నోటిమాటే.

దూరదేశపు పోలిక ఒకటి చెబుతాను. అమెరికాలో మస్కీ అనే వేటచేప ఉన్నది. పదివేలసార్లు గాలం విసిరితే గాని చిక్కదని అక్కడివారి నానుడి. విస్కాన్సిన్ 1955లోనే దానిని తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది. 1949లో అక్కడ లూయీ స్ప్రే పట్టిన 69 పౌండ్ల 11 ఔన్సుల మస్కీ నిజమా, బూటకమా అని దశాబ్దాలుగా వాదులాడుకుంటూనే ఉన్నారు. ఒక్క చేప తూకానికి అంత చరిత్ర! ఆ మస్కీ మాత్రం గ్రుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. పిల్లలను కాచే మన చేపకు తూకం వేసినవారూ లేరు, వాదించినవారూ లేరు.

మన దగ్గర దీని స్థితి విచిత్రమైనది. బొచ్చె, రవ్వ పెంచే నర్సరీ కుంటలలో ఇది శత్రువు. పిల్లలను వదలడానికి ముందు ఇప్పచెక్క చల్లి దీనిని చంపమని మత్స్యశాస్త్ర పాఠం. మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందులో ఉండేది దీని పిల్లే. గాలి పీల్చి బ్రతకగలదు కనుక అంగడిలో ప్రాణంతోనే అమ్ముతారు, ఖరీదూ ఎక్కువే. 2016లో తెలంగాణ దీనినే రాష్ట్ర చేపగా ఎన్నుకున్నది.

బురదలో దాగి ఎండలను కూడా గడుపగల జీవి ఇది. అయితే బురదైనా మిగలాలి కదా! అలియాబాద్ 2025లో పురపాలక సంఘమైనది. వాగులు ప్లాట్ల మధ్య కాలువలుగా మారే కాలంలో రాష్ట్ర చేప అన్న బిరుదు ఒక్కటే దానిని కాపాడలేదు. ఏనాడు గాలం వేయకూడదో తెలిసినవారి జ్ఞానం కూడా కావాలి. ఆ జ్ఞానం ఏ గెజెట్టులోనూ లేదు. అందుకే ఆలస్యంగానైనా ఇక్కడ వ్రాసిపెడుతున్నాను.

మీ ఊళ్ళో దీనిని కొర్రమట్ట అంటారా, కొర్రమీను అంటారా? ఎర్రపిల్లలను గురించి మీ పెద్దలు ఏమనేవారు? తెలిసిన మిత్రులు వ్యాఖ్యలలో పంచుకోగలరు.