కొలతకు కుదిరిన తుపాకి

"ఆడలేక మద్దెల ఓడు" అను సామెత పనిముట్టుపై నింద మోపువారిని పరిహసించుటకు పుట్టినది. చేతకానితనమును కప్పిపుచ్చుకొనువారికి ఈ చురక తగినదే. కాని మద్దెల నిజముగనే ఓడైన సందర్భములును లోకమున ఉండును గదా! అట్టిచోట నేరము మద్దెలది, నింద ఆడినవారిది. తుపాకి చరిత్రలో ఈ అన్యాయము చాలకాలము జరిగినది. గురి తప్పినవాని కన్నును, చేతిని, గుండెదిటవును అందరును తప్పుపట్టిరి. వాని భుజమున ఆనిన కొయ్య వాని దేహమునకు కుదిరినదా యని అడిగినవారు తొలుత కొద్దిమందియే. ఆ ప్రశ్న ఎట్లు బలపడినదో తెలిసికొనుటకు ట్రాప్ షూటింగు అను క్రీడ చరిత్ర చక్కని దృష్టాంతము.

ముందుగా ఆ క్రీడ స్వరూపమును గ్రహింపవలెను. నేటి ఒలింపిక్ పద్ధతిలో ఆటగాని ముందు 15 మీటర్ల దూరమున నేలలో ఒక కందకముండును. అందు 15 యంత్రములు మూడేసి చొప్పున అమర్చబడి యుండును. ఆటగాడు తుపాకిని భుజమున ఆనించి కేక వేయగానే, తన యెదుటనున్న మూడింటిలో ఏదో ఒక యంత్రము పళ్లెమువంటి చిన్న బిళ్లను గాలిలోనికి విసరును. దాని వెడల్పు 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. అది ఎడమకు పోవునో కుడికి పోవునో, ఎంత ఎత్తు లేచునో ముందుగా తెలియదు. గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో అది దూరమై పోవుచుండగా, ఒక్క సెకను నిండకమునుపే తొలి తూటా పేల్చవలెను. షాట్‌గన్ అనునది ఒంటి గుండును పంపు రైఫిలు వంటిది కాదు. సన్నని సీసపు రవ్వలను గుంపుగా వెదజల్లు తుపాకి అది.

ఆ బిళ్లను ఇంగ్లీషువారు "మట్టి పావురము" అని పిలుతురు. ఆ పేరులోనే పూర్వచరిత్ర దాగియున్నది. 18వ శతాబ్దపు చివరినాటికే ఇంగ్లండులో సజీవమైన పావురములను పెట్టెలలో ఉంచి, పొడవైన త్రాటితో మూతను లాగి, ఎగిరిపోవు పక్షిని కాల్చు వినోదము స్థిరపడియుండెను. ట్రాప్ అనగా ఆ బోనే. లండనులో 1869లో నెలకొనిన హర్లింగ్‌హామ్ క్లబ్బు ఈ పావురపు పందెములకే మొదట ప్రసిద్ధి గాంచెను. 1905లో అచ్చట ఆ ఆట ఆగిపోయినను, క్లబ్బు చిహ్నమున పావురము నిలిచియే యున్నది. మాంటికార్లోలో సముద్రపుటొడ్డున జరిగిన పోటీలకు ఐరోపా ధనికు లెల్లరును చేరుచుండిరి. వేలకొలది నాణెములు చేతులు మారుచుండెను. 1900లో పారిస్ ఒలింపిక్ క్రీడల సందర్భమున సైతము సజీవమైన పావురములపై పోటీ జరిగినది. ఈ క్రూరత్వముపై నిరసన పెరిగి, బోనునుండి విడిచిన పక్షులను కాల్చుట బ్రిటనులో 1921 నాటి చట్టముచే నిషేధింపబడెను.

పక్షికి బదులు వస్తువును ఎగురవేయు ప్రయత్నములు అంతకు పూర్వమే సాగుచుండెను. అమెరికాలో మొదట గాజుబుడ్లు వాడిరి. నున్నని గాజుపై రవ్వలు జారిపోవుచుండుటచే, గరుకుతలముగల బుడ్లు వచ్చినవి. ప్రఖ్యాత షూటరు ఆడమ్ బొగార్డస్ 1877లో వాటిని ఎగురవేయు యంత్రమునకు పేటెంటు పొందెను. 1880లో సిన్సినాటి నగరవాసి జార్జి లిగౌస్కీ, కాల్చిన మట్టితో పళ్లెమువంటి బిళ్లను చేసెను. చెరువు నీటిపై పెంకు విసిరి కప్పగంతులు వేయించు పిల్లల ఆటయే అతనికి స్ఫూర్తి నిచ్చినదని చెప్పుదురు. ఆ తొలి బిళ్లలు మరీ గట్టివగుటచే, రవ్వలు తగిలినను పగులక గంటవలె మ్రోగెడివట! పిమ్మట సున్నపురాతి పొడియు, కీలును కలిపి పెళుసుగా చేయు పద్ధతి వచ్చినది.

ఈ మార్పు దయాగుణమునకు మాత్రమే విజయము కాదు. దీనివలన క్రీడ స్వభావమే మారిపోయెను. సజీవమైన పావురములలో ఒకటి చురుకైనది, వేరొకటి మందమైనది. ఓడినవాడు పక్షిని నిందింపవచ్చును, గాలిని నిందింపవచ్చును. మట్టి బిళ్ల లన్నియు ఒక్క అచ్చున పుట్టినవి. అందరికిని అవే కోణములు, అదే వేగము. పక్షిపై మోపిన నెపములు ఈ విధముగ తొలగిపోగా, మనిషియు తుపాకియు మాత్రమే మిగిలిరి. ఈ రెంటికి నడుమ పొత్తు కుదిరినదా లేదా అను ప్రశ్న అప్పుడు తప్పించుకొనరాని దయ్యెను.

ఆ పొత్తు రహస్యమును శిల్పులు అంతకు మునుపే కొంత కనిపెట్టియుండిరి. లండనులో ప్రఖ్యాతుడైన తుపాకి శిల్పి జోసెఫ్ మాంటన్, 1806లో గొట్టముపై ఎత్తుగా అమర్చు పట్టెకు పేటెంటు తీసికొనెను. తుపాకులు లక్ష్యమునకు దిగువగా కాల్చు లోపమును సవరించుటయే అతని ఉద్దేశము. ఇందలి సూత్రము సులభమైనది. రైఫిలుకు ముందు ఒకటి, వెనుక ఒకటి గురి గుర్తులుండును. షాట్‌గన్ కొననున్న చిన్నపూసయే ముందరి గుర్తు. వెనుకటి గుర్తు లేదు. కాల్చువాని కన్నే ఆ వెనుకటి గుర్తు. కన్ను ఎచ్చట నిలుచునో నిర్ణయించునది చెంప క్రింద ఆనిన కొయ్య. అనగా, తుపాకి మడమను చెక్కిన వడ్రంగియే కాల్చువాని గురిని సగము నిర్ణయించుచున్నాడు!

లెక్క వేసి చూడుడు. కంటికిని గొట్టపు కొనకును నడుమ దూరము సుమారు 1 మీటరు. చెంప క్రింది కొయ్య ఉండవలసిన దానికంటె 3 మిల్లీమీటర్లు పల్లముగా ఉన్నదనుకొందము. 35 మీటర్ల దూరమున ఆ తేడా 35 రెట్లు పెరిగి 105 మిల్లీమీటర్లగును. అది దాదాపు ఒక బిళ్ల వెడల్పు. రవ్వల గుంపు విప్పారియుండుటచే ఒక్కొకసారి బిళ్ల పగులవచ్చును. ఒక్కొకసారి అంచు రవ్వల సందున తప్పించుకొని పోవచ్చును. కాల్చినవాడు తన చేయి వణికినదనుకొనును. దోషము మూడు మిల్లీమీటర్ల కొయ్యది.

ఈ దోషమును కొలుచుటకై 19వ శతాబ్దపు చివరి భాగమున ఇంగ్లండులో పరీక్ష తుపాకి యొకటి వాడుకలోనికి వచ్చినది. దాని మడమకు కీళ్లును మరలును ఉండును. కంటివైద్యుడు ఒక చట్రములో అద్దములు మార్చి మార్చి చూచునట్లు, తుపాకి శిల్పి ఆ మరలను త్రిప్పి మడమను పొడిగించును, కురుచ చేయును, ఎత్తును, ప్రక్కకు వంచును. పిదప సున్నము పూసిన ఇనుపరేకుపై వేగముగ కాల్చుమని చెప్పి, రవ్వల మచ్చ నడుమ ఎచ్చట పడినదో చూచును. 16 గజముల దూరమున మచ్చ 1 అంగుళము ప్రక్కకు తొలగినచో, కొయ్యను అంగుళములో 16వ వంతు సవరింపవలెనని వారి వాడుక లెక్క. కుట్టుపనివాడు చొక్కాకు కొలతలు తీసికొనునట్లు, తుపాకికి కొలతలు తీసికొనుట అను వృత్తి ఆ విధముగ వర్ధిల్లినది.

ఆ కొలతలలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది మీటనుండి మడమ చివరవఱకు గల పొడవు. ఇది పొట్టిదైనచో బొటనవ్రేలి కణుపు ముక్కుకు తగులును. పొడవైనచో మడమ చంక క్రింద బట్టలలో తగుల్కొనును. రెండవది, గొట్టపు మట్టమునుండి కొయ్య పై అంచు ఎంత దిగువ నున్నదో తెలుపు పల్లము. ఎత్తు పల్లముల గురిని నిర్ణయించునది ఇదియే. మూడవది ప్రక్కవంపు. ముఖము వెడల్పైనవానికి కొంత వంపు అధికముగ కావలెను. లేకున్న కన్ను పట్టె నడుమకు రాదు. నాలుగవది మడమ చివర వాలు. ఇది కుదిరిననే మడమ యంతయు భుజమునకు సమముగ ఆనును. ఆనక క్రింది మొన యొక్కటియే గ్రుచ్చుకొన్నచో, ప్రతి దెబ్బకు తుపాకి పైకెగిరి చెంపను తన్నును.

ట్రాప్ క్రీడకు ఇవి చాలవు. ఇందు బిళ్ల ఎల్లప్పుడును పైకి లేచుచుండును. కావున కాల్చువాడు బిళ్లను పూసకు పైన చూచుచునే కాల్చగలుగునట్లు, ఈ తుపాకి రవ్వలను కొంత ఎగువకు పంపవలెను. వేటగాని తుపాకి లక్ష్యమునకు సమముగ కాల్చును. దానితో లేచుచున్న బిళ్లను పట్టవలెనన్న గొట్టముతో దానిని మూయవలసి వచ్చును. అంతేకాక, ట్రాప్‌లో తుపాకిని ముందే భుజమున ఆనించు వీలున్నది. కావున పొడవైన, బరువైన తుపాకియు, చెంప క్రింద వాలు లేక సమతలముగ సాగు కొయ్యయు ఇందు అనుకూలము. చెంప కొంచెము ముందు వెనుకలు జరిగినను కంటి యెత్తు మారదు. అంచును ఎత్తి, భుజమువద్ద మెట్టుగా దించిన మడమకు "మాంటికార్లో" అను పేరు వచ్చినది. పావురములు పోయినను ఆ ఊరి పేరు కొయ్యపై నిలిచినది.

20వ శతాబ్దమున గొట్టముల అమరికయు మారెను. ప్రక్కప్రక్కన రెండు గొట్టములున్న తుపాకికి బదులు, ఒకదానిపై నొకటి అమర్చిన తుపాకి వచ్చినది. కంటికి ఒక్క సన్నని దారియే కనబడుట దీని సుగుణము. అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన ఇట్టి తుపాకి, 1926లో అతడు మరణించిన పిమ్మట, 1930ల ఆరంభమున అంగడికి వచ్చినది. 1957లో ఇటలీలోని బ్రెషా ప్రాంతమున డానియేలె పెరాజీ స్థాపించిన కర్మాగారము మరియొక అడుగు ముందుకు వేసెను. 1964 టోకియో ఒలింపిక్సులో ఇటలీవాడు ఎన్నియో మత్తరెల్లి ఆ కర్మాగారపు తుపాకితోనే స్వర్ణపతకము గెలిచెను. అతని సలహాతో మెక్సికో క్రీడలకై రూపొందిన నమూనాలో మడమను విప్పి వేరొకటి బిగించుకొను సౌకర్య మేర్పడినది. పూర్వము ధనికునికే దక్కిన కొలత కుదిరిన కొయ్య, ఆ విధముగ క్రీడాకారునికి మార్చుకొనదగిన భాగమైనది.

ఇంత సూక్ష్మత ఏలయని అడుగవచ్చును. విజేతల లెక్కలే సమాధానము. 1952లో హెల్సింకీ విజేత, కెనడా యువకుడు జార్జి జెనెరో, 200 బిళ్లలలో 192 పగులగొట్టెను. 1964లో మత్తరెల్లి 198, 1972లో ఇటలీకే చెందిన ఆంజెలో స్కాల్జోనె 199 పగులగొట్టిరి. ఒక్క బిళ్లయే పతకమును నిర్ణయించు స్థితి వచ్చినపుడు, మూడు మిల్లీమీటర్ల కొయ్యను ఉపేక్షించుట ఎట్లు?

మన దేశమునకు ఈ రంగమున దారి చూపినవాడు బికనీరు మహారాజు కర్ణీసింగ్. 1960 రోము మొదలు 1980 మాస్కో వఱకు ఆయన అయిదు ఒలింపిక్సులలో పాల్గొనెను. 1962లో కైరో ప్రపంచపోటీలలో ప్రథమస్థానమునకు సమానమైన గుణములు పొంది, అటుపై జరిగిన నిర్ణాయక పోటీలో రజతము నందెను. 2006లో జాగ్రెబ్‌లో మానవ్‌జిత్ సింగ్ సంధు ప్రపంచవిజేత యయ్యెను. హైదరాబాదు వాస్తవ్యుడు కైనన్ షెనాయ్ 2016 రియో ఒలింపిక్సులో పాల్గొనెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో జట్టుతో స్వర్ణమును, వ్యక్తిగతముగ కాంస్యమును గెలిచెను.

ఐనను ఈ విషయము పతకములతో ముగియదు. కుదురని తుపాకివలన ఎక్కువగ నష్టపడినవారు పతకములకు చేరలేకపోయినవారే. స్త్రీలకును బాలురకును పెద్దమగవాని తుపాకి మడమను కోసి కురుచ చేసి ఇచ్చుట చిరకాలపు వాడుక. కోసినచో పొడవు మాత్రమే తగ్గును. వాలుగల కొయ్యపై చెంప ముందుకు జరిగి ఎత్తైన తావున ఆనును. గురి పైకి పోవును. స్త్రీ దేహమునకు మడమ క్రింది మొనను వెలుపలికి త్రిప్పవలెను, వాలు మార్చవలెను. పొడవైన మెడకు కొయ్యను ఎత్తవలెను. ఇవేవియు చేయక, భుజము కమిలి కన్నీరు పెట్టుకొన్న బాలికను చూచి "ఇది ఆడవారి ఆట కాదు" అని తీర్పు చెప్పుట సులభము. 2000 సిడ్నీ ఒలింపిక్సులో స్త్రీలకు ప్రత్యేకముగ ట్రాప్ పోటీ ఏర్పడినది; లిథువేనియాకు చెందిన డైనా గుడ్జినెవిచ్యూటె తొలి విజేత. 2012 లండనులో ఇటలీ యువతి జెస్సికా రోస్సీ 100 బిళ్లలకు 99 పగులగొట్టెను. అంతకంటె ఆ తీర్పునకు ఖండనము వేరే కావలెనా?

తుపాకి నెన్నుకొనువారికి ఈ చరిత్ర చెప్పు బుద్ధి ఇది: చెక్కడపు పూవులను, పేరును చూచి మోసపోవలదు. మొదట తన ఏలుకన్ను ఏదియో తెలిసికొనవలెను. దీనికి తుపాకియే అక్కరలేదు. ఇంట కూర్చుండి రెండు కన్నులు తెరచి దూరపు వస్తువునకు వ్రేలు చూపి, ఒక్కొక కన్ను మూయుడు. ఏ కన్ను తెరచియుండగా వ్రేలు కదలక నిలుచునో అదియే ఏలుకన్ను. పిమ్మట నేర్చిన గురువు సమక్షమున, తూటా లేదని నిర్ధారించుకొన్న తుపాకిని కన్నులు మూసి భుజమున ఆనించి, కన్నులు తెరచి చూడవలెను. పది మారులును పూస పట్టె నడుమనే కనబడెనా, ఆ తుపాకి తనది. కనబడలేదా, అది ఎంత వెలగలదైనను పరునిది. కడపటి మాట రేకుపై పడిన రవ్వల మచ్చదే.

మన రైతు నాగలి మేడిని తన నడుమెత్తునకు చెక్కించుకొనును. అందు వింతయేమియు లేదు. పనిముట్టు మనిషికి లొంగవలెనే గాని మనిషి పనిముట్టుకు కాదని అతనికి తెలియును. తుపాకి విషయమున ఆ మాత్రము తెలివి సర్వసాధారణ మగుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఇకమీదట ఎవరైన గురి తప్పినపుడు నవ్వుటకు ముందు, మద్దెలను ఒక్కమారు తట్టి చూచుట న్యాయము.