చంద్రముఖి తెలుగే ఎందుకు మాట్లాడింది? దక్షిణాది దెయ్యాల సినిమాల్లో మన భాష

హారర్ సినిమాల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే 'చంద్రముఖి' పేరు రాకుండా ఉండదు. ఈ మధ్య 'మసూద' (2022), 'విరూపాక్ష' (2023) చూసినవాళ్ల కబుర్లు కూడా తిరిగి తిరిగి ఆ పాత బంగళా, తాళం వేసిన గది, గజ్జెల చప్పుడు దగ్గరికే వస్తాయి. తమిళనాడులోనో కర్ణాటకలోనో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో మాత్రం దీనికి ఇంకో ప్రశ్న తోడవుతుంది. హాలంతా తమిళంలో మాట్లాడే సినిమా చూస్తుండగా, అందరినీ భయపెట్టే ఆ దెయ్యం ఒక్కటే మనింటి భాష మాట్లాడుతుంది. పక్క సీటులోని పిల్లవాడు "మన భాషే ఎందుకు?" అని అడిగితే ఏం చెప్పాలి? ఆ ప్రశ్నకు సినిమాలోనూ, దక్షిణాది చరిత్రలోనూ మంచి సమాధానమే ఉంది.

ఒకే కథ, ఎన్నో భాషలు

ఈ కథకు మూలం మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' (1993). రచన మధు ముట్టం, దర్శకత్వం ఫాజిల్. పాత ఇంటి పెద్ద ఒక నర్తకిని వేరే ప్రాంతం నుంచి తెచ్చి ఉంచుకుంటాడు. ఆమె మనసు ఎదురింట్లో ఉండే మరో నర్తకుడి మీద ఉంటుంది. అది తెలిసి ఆమెను చంపుతాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఇంటికి వచ్చిన కోడలు మూసి ఉన్న గది తలుపు తెరుస్తుంది. అక్కడి నుంచి ఆ నర్తకి ఆమెలో మాట్లాడడం మొదలుపెడుతుంది. భాషలు మారినా కథకు వెన్నెముక ఇదే.

ఏ రూపంలో దెయ్యం ఏ భాష ఎంచుకుందో చూడండి.

• 'మణిచిత్రతాళు' (మలయాళం, 1993): శోభన నటించారు. నాగవల్లి తంజావూరు నర్తకి, తమిళం మాట్లాడుతుంది. ఈ పాత్రకు శోభనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది.

• 'ఆప్తమిత్ర' (కన్నడం, 2004): సౌందర్య నటించారు. దర్శకుడు పి. వాసు, నిర్మాత ద్వారకీశ్. ఇందులో నాగవల్లి తెలుగు నర్తకి. 'రా రా' పాట తెలుగులో ఉంటుంది.

• 'చంద్రముఖి' (తమిళం, 2005): జ్యోతిక నటించారు. దర్శకుడు మళ్లీ పి. వాసు. రాజు ఆంధ్రలోని విజయనగరం నుంచి తెచ్చిన నర్తకి చంద్రముఖి. విద్యాసాగర్ సంగీతంలో 'రా రా' పాటకు సాహిత్యం తెలుగు గీత రచయిత భువనచంద్రది. చెన్నై శాంతి థియేటర్లో ఈ సినిమా 800 రోజులకు పైగా ఆడింది.

• 'చంద్రముఖి' తెలుగు అనువాదం (2005): ఇక్కడ ఆ పాట 'వారాయ్' అంటూ తమిళంలోకి మారింది.

• 'భూల్ భులయ్యా' (హిందీ, 2007): విద్యా బాలన్ నటించారు. దర్శకుడు ప్రియదర్శన్. మంజులిక బెంగాలీ నర్తకి, 'ఆమీ జే తోమార్' పాటలో బెంగాలీ మాటలు వినిపిస్తాయి.

పొరుగు భాషే దెయ్యం భాష

పై పట్టికను ఒకసారి కిందికి చదివితే సూత్రం అర్థమవుతుంది. మలయాళ ప్రేక్షకుడికి తమిళం, కన్నడిగుడికీ తమిళుడికీ తెలుగు, తెలుగువాడికి తమిళం, హిందీ ప్రేక్షకుడికి బెంగాలీ. దెయ్యం మాట సగం అర్థమవ్వాలి, సగం అర్థం కాకూడదు. బొత్తిగా తెలియని భాష అయితే పాటలోని ప్రేమ, బాధ జనానికి అందవు. సొంత భాషే అయితే కోడలు మారిపోయిందని ఒక్క మాటతో చెప్పడం కుదరదు. ఎప్పుడూ వినిపించే పొరుగు భాష ఈ రెండు పనులూ చేస్తుంది.

అందుకే సినిమా చూసే తెలుగు ఇళ్ల అనుభవం ఊరిని బట్టి మారిపోతుంది. హోసూరులోనో కోయంబత్తూరులోనో తమిళ 'చంద్రముఖి' చూసిన తెలుగు కుటుంబానికి అసలైన భయం సగం తగ్గుతుంది, ఎందుకంటే ఆమె మాట ప్రతిదీ అర్థమవుతుంది. భయం తగ్గిన చోట ఆమె మీద జాలి పెరుగుతుంది. షోలాపూర్‌లోనో బరంపురంలోనో హిందీ రూపం చూసినవారికి బెంగాలీ దెయ్యం అందరిలాగే కొత్తది. యానాం సంగతి ఇంకా తమాషా. అక్కడ తెలుగు అనువాదం చూస్తే దెయ్యం పాట తమిళంలో వస్తుంది. రాజధాని పుదుచ్చేరి కాబట్టి ఆఫీసు కాగితాల వల్ల ఆ భాషతో యానాం వాళ్లకు ఎప్పటి నుంచో పరిచయమే.

తెలుగు నర్తకి అక్కడికెలా వచ్చింది?

తమిళ రాజు కొలువులో తెలుగు నర్తకి ఉండడం సినిమావాళ్లు గాల్లోంచి తీసిన ఊహ అనుకోనక్కర్లేదు. దక్షిణాది రాజాస్థానాల్లో నాట్యానికి, సంగీతానికి తెలుగు చాలాకాలం ప్రధాన భాషగా ఉంది.

తంజావూరును 1532 నుంచి 1673 వరకు తెలుగు నాయక రాజులు ఏలారు. రఘునాథ నాయకుడు, ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు స్వయంగా తెలుగు కవులు. వాళ్ల కొలువులో తెలుగు యక్షగానాలు ఆడేవారు, రామభద్రాంబ, రంగాజమ్మ వంటి కవయిత్రులు ఉండేవారు. క్షేత్రయ్య పదాలకు కూడా విజయరాఘవుడి కొలువుతో సంబంధం ఉంది. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. మరాఠీ ఇంటి రాజు షాహాజీ 'పల్లకీ సేవా ప్రబంధం' తెలుగులో రాశాడు.

19వ శతాబ్ది మొదట్లో తంజావూరు కొలువులో చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు అన్నదమ్ములు నాట్య కచేరీకి ఇప్పటి క్రమం ఏర్పరిచారు. వాళ్లు కట్టిన వర్ణాల్లో చాలా వాటికి సాహిత్యం తెలుగే. వారిలో చిన్నయ్య మైసూరు కొలువుకు, వడివేలు తిరువాన్కూరు కొలువుకు వెళ్లారు. తంజావూరు, మైసూరు, కేరళ. మన దెయ్యం కథ సినిమాగా తిరిగిన ఊళ్లు కూడా దాదాపు ఇవే.

ఈ లెక్కన 'మణిచిత్రతాళు'లోని తంజావూరు నర్తకి నిజంగా ఆ కాలంలో ఉండి ఉంటే, ఆమె అభినయించే పదాల్లో తెలుగువి తప్పకుండా ఉండేవి. ప్రియుణ్ణి రమ్మని పిలిచే నాయిక పదాలకూ జావళీలకూ పాత వస్తువు. 'రా రా' పాట ఆ వరుసలోనే కట్టింది.

మేలట్టూరులో ఇప్పటికీ

ఈ సంబంధం చచ్చిపోయిన చరిత్ర కాదనడానికి తంజావూరు దగ్గర మేలట్టూరు గ్రామం సాక్ష్యం. నాయక రాజు అచ్యుతప్ప ఇచ్చిన భూమిలో స్థిరపడ్డ కుటుంబాల ఊరది. మేలట్టూరు వెంకటరామ శాస్త్రి తెలుగులో రాసిన భాగవతమేళ నాటకాలను నరసింహ జయంతి రోజుల్లో అక్కడ రాత్రంతా ఆడతారు.

వాటిలో 'ప్రహ్లాద చరిత్రము'కు మన విషయంతో దగ్గర సంబంధం ఉంది. నరసింహుడి ముఖానికి పూజ చేస్తారు. అది పెట్టుకునే నటుడు ఉపవాసం ఉంటాడు. స్తంభం చీలి స్వామి వచ్చే ఘట్టంలో అతనికి ఆవేశం వస్తుందని భక్తుల నమ్మకం, పక్కనున్నవాళ్లు పట్టుకుని ఆపుతారు. మనిషి లోపలి నుంచి వేరొకరు మాట్లాడే ఘట్టం తమిళనాడు నడిబొడ్డున, తెలుగులో, సినిమా పుట్టకముందు నుంచే నడుస్తోంది.

సౌందర్య నాగవల్లి

కర్ణాటక తెలుగువాళ్లకు 'ఆప్తమిత్ర' మీద ప్రత్యేకమైన మమకారం ఉండడానికి సౌందర్య కూడా కారణం. ఆమెది కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతం. ఇంటింటా తెలుగు, కన్నడం కలిసి వినిపించే సీమ అది. 'అమ్మోరు' (1995)తో తెలుగు ఇళ్లకు దగ్గరైన ఆమె, కన్నడ సినిమాలో తెలుగు మాట్లాడే నాగవల్లిగా కనిపించారు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు దగ్గర విమాన ప్రమాదంలో ఆమె చనిపోయారు. సినిమా ఆ ఏడు ఆగస్టులో విడుదలైంది. ఆ తర్వాతి కథ 'ఆప్తరక్షక' (2010) కూడా హీరో విష్ణువర్ధన్ మరణించాకే తెరమీదికి వచ్చింది. అదే ఏడాది పి. వాసు వెంకటేశ్‌తో తెలుగులో 'నాగవల్లి' తీశారు.

దెయ్యమా, జబ్బా?

ఈ సినిమా గురించి అభిమానులు తెగని వాదన పెట్టుకునేది ఇక్కడే. కథలోని డాక్టరు మాటలో ఆమెను ఏ దెయ్యమూ పట్టలేదు. చిన్ననాటి నుంచి మనసులో దాచుకున్న బాధల వల్ల ఆమె తనను తాను ఇంకొకరుగా భావిస్తుంది. ఒకే మనిషిలో వేరు వేరు వ్యక్తిత్వాలు కనిపించే జబ్బును మానసిక వైద్యులు గుర్తిస్తారు. అయితే ఎన్నడూ నేర్వని భాష ఆ జబ్బుతో గడగడా నోటికి రావడం రుజువైన విషయం కాదు. అది సినిమా తీసుకున్న స్వేచ్ఛ.

మన ఇళ్లలో ఎవరైనా ఉన్నట్టుండి గొంతు మార్చి మాట్లాడినా, చేసింది గుర్తు లేదన్నా సినిమాలోలాగా పూజా మంటపం, ముగ్గులు, దెబ్బలతో మొదలుపెట్టకూడదు. ముందు మానసిక వైద్యుడికి చూపించాలి. కేంద్ర ప్రభుత్వ 'టెలీ మానస్' సహాయ నంబరు 14416కు ఏ రాష్ట్రం నుంచైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

పిల్లలతో కలిసి చూసేటప్పుడు

తెలుగు చదవడం రాని పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. బడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో నేర్చుకుంటారు. తెలుగు వాళ్లకు చెవి ద్వారానే అందుతుంది. అలాంటి పిల్లలకు బయటి హాల్లో పెద్దగా వినిపించిన తెలుగు దెయ్యం నోటిదే అయితే, తోటివాళ్లు దాన్ని పట్టుకుని ఆటపట్టించడం సహజం.

అందుకని సినిమా అయ్యాక రెండు విషయాలు చెప్పండి. ఒకటి, ఈ కథలో అన్యాయం జరిగింది ఆ నర్తకికే, ఆమె భాష వినిపించడం ఆ అన్యాయం వినిపించడం. రెండు, ఆమె ఆ భాష మాట్లాడడానికి కారణం ఒకప్పుడు ఈ గడ్డ మీదే నాట్యం ఆ భాషలో సాగడం. వీలైతే 'రా రా' తమిళ, కన్నడ రూపాలు, 'వారాయ్' వరుసగా వినిపించి, ఏ మాటలు అర్థమయ్యాయో అడగండి. తర్వాత క్షేత్రయ్య పదం ఒకటి పెట్టండి. పిల్లలు అర్థం అడిగిన మాటలను ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెప్పించండి.