సగటు వెనకాల మన ఆకలి: తార్నాకలో నడిచిన ఒక లెక్క చరిత్ర



డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు "అన్నా, ఈ మీన్, వేరియన్స్, శాంపిల్ మనకేం పనికొస్తాయి?" అని అడుగుతుంటారు. జవాబు మన ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ బోర్డు రోజూ చూస్తూనే ఉంటాం. మన గూడేల్లో ఎవరు ఎంత తింటున్నారో లెక్కగట్టిన చోటు అదే.

ఈ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధన విభాగంగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. 1972లో భారత వైద్య పరిశోధన మండలి ఇక్కడ కేంద్రంగా జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరోను పెట్టింది. బ్యూరో మనుషులు ఇళ్లకు వెళ్లి, నిన్నంతా ఏం వండారు, ఎవరు ఎంత తిన్నారు అని అడిగేవాళ్లు. గిన్నెలు, గరిటెల కొలత చూపించి రాసుకునేవాళ్లు. పిల్లల ఎత్తు, బరువు తీసుకునేవాళ్లు.

అంత కష్టపడి తెచ్చిన అంకెలన్నీ చివరికి ఒక సగటు అయిపోతాయి. దానితోటి వచ్చే చిక్కు ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇది మేం ఊహించి వేసిన లెక్క. ఒక గూడెంలో ఐదిళ్లు, నెలకు మనిషికి అందే జొన్నలు ఒక్కో ఇంట్లో 10 కిలోలు. సగటు 10. ఇంకో గూడెంలో 15, 13, 10, 7, 5. కూడితే 50, సగటు మళ్లీ 10. కాగితం మీద రెండు గూడేలూ ఒకటే! కానీ రెండో గూడెంలో రెండిళ్లు పస్తులుంటున్నాయి. ఆ తేడాను పట్టేది వేరియన్స్. సగటు నుంచి ఒక్కో ఇల్లు ఎంత దూరముందో చూస్తే 5, 3, 0, 3, 5. వాటి వర్గాలు కూడితే 68, ఐదుతో భాగిస్తే 13.6. మొదటి గూడెంలో అది సున్నా. 13.6కు వర్గమూలం తీస్తే దాదాపు 3.7 కిలోలు, అదే ప్రామాణిక విచలనం.

ఇప్పుడు శాంపిల్ సంగతి. 2011 జనగణన ప్రకారం దేశంలో గిరిజనులు 8.6 శాతం. దేశమంతటి నుంచి వెయ్యి మందిని చీటీ తీసినట్టు ఎంచుకుంటే అందులో మనవాళ్లు 86 మంది దాకా వస్తారు. వెయ్యి మంది మీద వేసిన శాతం లెక్క మూడు పాయింట్లు అటూఇటూ అవుతుంది. 86 మంది మీద వేస్తే దాదాపు పదకొండు పాయింట్లు. ఆ 86లో ఒక్క చెంచు మనిషి కూడా లేకపోవచ్చు. తప్పు సగం తగ్గాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. అందుకే గిరిజన ప్రాంతాల్లో విడిగా శాంపిల్ తియ్యాలి. బ్యూరో సమగ్ర గిరిజనాభివృద్ధి ప్రాంతాల్లో 1985–87, 1998–99, 2007–08లో విడి సర్వేలు చేసింది. వాటివల్లే మన తిండి సంగతి దేశపు సగటులో కలిసిపోకుండా బయటికొచ్చింది.

అసలు పేచీ 1970ల చివర్లో ముదిరింది. ఎంత తింటే చాలు అనే గీత ఎక్కడ గియ్యాలి? ప్రణాళికా సంఘం నిపుణుల బృందం 1979లో పల్లెల్లో మనిషికి రోజుకు సగటున 2,400, పట్టణాల్లో 2,100 కేలరీలు అన్నది. పి.వి. సుఖాత్మే అడ్డం తిరిగారు. ఆయన చిన్నవాడు కాదు, ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థలో గణాంక విభాగాన్ని నడిపినవాడు, శాంపిల్ సర్వేల మీద పేరున్న పుస్తకం రాసినవాడు. ఆయన వాదన ఇదీ: మనిషి అవసరం రోజురోజుకూ మారుతుంది. అందరినీ సగటు అవసరంతో పోలిస్తే, ఆరోగ్యంగా ఉన్న జనంలోనూ సగం మంది కింద పడతారు. కాబట్టి సగటులోంచి రెండు ప్రామాణిక విచలనాలు తీసేసి అక్కడ గీత గియ్యాలి. అలా గీస్తే ఆకలితో ఉన్నవాళ్ల సంఖ్య బాగా తగ్గిపోతుంది.

లెక్కగా చూస్తే ఆయన మాటలో నిజముంది. కానీ 1974 దాకా మన తార్నాక సంస్థకు డైరెక్టర్‌గా ఉన్న సి. గోపాలన్ ఒప్పుకోలేదు. తక్కువ తిండితో శరీరం సర్దుకుందంటే, అది ఎదుగుదలనూ చేసే పనినీ తగ్గించుకుని సర్దుకున్నట్టు, దాన్ని ఆరోగ్యం అనలేం అన్నారు. అదే కాలంలో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త "చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు" అనే వాదన తెచ్చినప్పుడు దాన్నీ గోపాలన్ గట్టిగా ఖండించారు.

ఈ వాదన మన గూడేలకు పెట్టి చూడండి. పంట ఇంటికొచ్చాక ఒక తీరు, వానాకాలంలో గింజలు అయిపోయాక ఇంకో తీరు. ఆ తేడా కూడా వేరియన్సే. దాన్ని శరీరపు సహజ గుణం అనుకుంటే గీత కిందికి దిగుతుంది. గాదె ఖాళీ అయినందువల్ల వచ్చింది అనుకుంటే రేషన్, అంగన్‌వాడీ అడగొచ్చు. లెక్క ఒకటే, అర్థం చెప్పేవాళ్లు వేరు.

ఆ బ్యూరోను 2015లో మూసేశారు. దశాబ్దాల పాటు ఒకే పద్ధతిలో సాగిన కొలత అక్కడ ఆగింది.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ సబ్జెక్టును పాస్ మార్కుల కోసమే చదవకండి. గిరిజనుల పరిస్థితి సగటున మెరుగైందని ఎవరన్నా చెప్తే మూడు అడగండి: శాంపిల్‌లో మనవాళ్లు ఎంతమంది, ఏ తెగలవాళ్లు? సగటు చుట్టూ తేడా ఎంత? ఏ నెలలో కొలిచారు? ప్రాజెక్టు పనికి ఊరికి పోయినప్పుడు మీరూ ఈ మూడూ రాసుకోండి. రోడ్డు పక్క ఇళ్లతోనే ఆపకుండా గుట్ట మీది చివరి ఇంటిదాకా పోయి రండి. తెచ్చిన లెక్కలు ఇక్కడ పెట్టండి, కూర్చుని మాట్లాడుకుందాం.